హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి: పుష్ప లక్షణాల జన్యుశాస్త్రం, తూర్పు కనుమల నివ్వరి

పాడేరు ఏజెన్సీలో చాలా ఏళ్ల క్రితం జరిగిన ఒక రైతు శిక్షణలో, నడివయసు దాటిన ఒక గిరిజన మహిళా రైతు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తున్నది. "మా పల్లంలో పండిన గింజనే దాచి మళ్లీ నాటుకుంటాం బాబూ. ఈ హైబ్రిడ్ గింజ ఏటా కొనాలంటున్నారు, అదీ మా గింజకు ఎన్నో రెట్ల ధర పెట్టి. ఆ ధర దేనికి?" నేను ఆనాడు మూడు వంగడాల పద్ధతిని నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరించాను. ఆమె తల ఊపింది గాని, అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని నాకే తెలిసింది. మూడు వంగడాలను పెంచవలసి రావడం వల్ల పని పెరుగుతుంది. అంతమాత్రాన ధర అన్ని రెట్లు పెరగదు. అసలు కారణం వరి పువ్వు నిర్మాణంలో ఉన్నది. ఆ పువ్వును మార్చగల జన్యువులు కొన్ని ఆమె కొండలకు ఆనుకొని ఉన్న సీమలోనే, ఎవరూ విత్తని ఒక గడ్డిలో ఉన్నాయి. ఈ రెండు సంగతులను కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూసుకొని పండే పువ్వు

వరి వెన్నులోని ప్రతి గింజా మొదట ఒక పువ్వు. రెండు పొట్టు రెక్కల మధ్య ఆరు కేసరాలు, ఒక అండాశయం, దానిపై ఈకల వంటి రెండు కీలాగ్రాలు ఉంటాయి. ఉదయం సుమారు తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం లోపల, అండాశయం మొదట ఉండే లోడిక్యూల్ అనే రెండు చిన్న పొలుసులు నీరు పీల్చి ఉబ్బి పొట్టు రెక్కలను తెరుస్తాయి. కేసర దండాలు సాగుతాయి. చాలా రకాలలో రెక్కలు తెరచుకొనే వేళకే పరాగకోశాలు పగిలి సొంత కీలాగ్రంపై పుప్పొడి రాలిపోతుంది. సుమారు గంటలో రెక్కలు మళ్లీ మూసుకుంటాయి. గాలిలోకి లేచిన పుప్పొడి రేణువు బ్రతికి ఉండేది కొద్ది నిమిషాలే. ఈ ఏర్పాటులో పరాయి మొక్క పుప్పొడికి చోటు దాదాపు లేదు. సాగు వరిలో పరపరాగ సంపర్కం సాధారణంగా 1 శాతానికి మించదు.

రైతు దృష్టిలో ఇది లోపం కాదు. ఏజెన్సీలో ఒకే వాగు వెంట పక్కపక్క మడులలో వేర్వేరు దేశవాళీ రకాలు పండుతున్నా, ఏ గింజ ఆ గింజగా తరతరాలు నిలిచిందంటే అది ఈ మూసుకొనే పువ్వు చలవే. వేల ఏళ్ల సాగులో మనిషి తెలిసో తెలియకో ఈ లక్షణాన్ని ఎంచుకుంటూ వచ్చాడు. హైబ్రిడ్ విత్తనం పండించే రైతుకు మాత్రం దీనికి సరిగా ఎదురైన పువ్వు కావాలి.

ఆ ఎదురీత ఎంత ఖరీదైనదో చూడదలచిన విద్యార్థి కొండలు దిగి తెలంగాణకు వెళ్లాలి. దేశంలో తయారయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో అధిక భాగం పూర్వపు కరీంనగర్, వరంగల్ జిల్లాల పొలాలలో, యాసంగిలో పండుతుంది. పుప్పొడి లేని ఆడ వంగడాన్ని ఆరు నుంచి పది వరుసలు, పుప్పొడినిచ్చే మగ వంగడాన్ని రెండు లేదా మూడు వరుసలు చొప్పున నాటుతారు. రెండూ ఒకే రోజులలో పూతకు రావాలి కనుక నారును విడతలుగా పోస్తారు. పుప్పొడికి అడ్డు రాకుండా పోటాకులను కత్తిరిస్తారు. ఆడ వంగడం వెన్ను పూర్తిగా బయటికి రాదు కనుక హెక్టారుకు 45 నుంచి 60 గ్రాముల జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని పిచికారీ చేస్తారు. పూత దశలో వారం పది రోజుల పాటు, రోజుకు మూడు నాలుగుసార్లు, అరగంట ఎడంతో ఇద్దరు మనుషులు పొలానికి అటూ ఇటూ నిలిచి తాడు లాగి మగ వరుసలను కదిలిస్తారు. చుట్టూ 100 మీటర్ల లోపల వేరే వరి పూతలో ఉండరాదు. ఉంటే పూతకాలంలో కనీసం మూడు వారాల తేడా ఉండాలి. నాటినది మొదలు కోత దాకా కేళీలు ఏరుతూనే ఉండాలి. ఇంత చేసినా, మన దేశంలో ఈ పని మొదలైన కాలంలో హెక్టారుకు అర టన్ను విత్తనం రావడమే గగనంగా ఉండేది. నేడు నేర్పరులైన రైతులు ఒకటిన్నర నుంచి రెండున్నర టన్నుల వరకు తీస్తున్నారు. అదే పొలంలో మామూలు వరి వేస్తే వచ్చే ధాన్యంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఆ భారమే విత్తనపు సంచి మీద ధరగా కనబడుతుంది. ఆనాడు ఆ రైతుకు నేను చెప్పవలసిన జవాబు ఇది.

బయటికి చాచిన కీలాగ్రం

పువ్వు తెరచుకొన్నప్పుడు కీలాగ్రం రెక్కల అంచు దాటి బయటికి వస్తే, రెక్కలు మూసుకొన్న తరువాత కూడా అది బయటే ఉండిపోతుంది. దీనినే కీలాగ్ర బహిర్గమనం అంటున్నాం. లోపలే ఉండే కీలాగ్రానికి పుప్పొడి అందడానికి ఒక్క గంటే గడువు. బయట ఉన్న కీలాగ్రానికి ఆ పూట మిగిలిన సమయమే కాక మరునాటి ఉదయం, కొన్నిసార్లు ఆ పై రోజు కూడా అవకాశం ఉంటుంది. పురుష వంధ్య వంగడాలలో కీలాగ్రం పలు రోజుల పాటు పుప్పొడిని స్వీకరించగలదని ప్రయోగాలు చూపాయి. కనుక ఆడ వంగడంలో గింజ కట్టే శాతాన్ని నిర్ణయించే పుష్ప లక్షణాలలో దీనిదే మొదటి స్థానమని నా అభిప్రాయం. రెక్కలు ఎంత కోణంలో, ఎంతసేపు తెరచుకొంటాయన్నది దాని తరువాతిది.

సాగు వరిలో ఈ లక్షణం ఉపజాతిని బట్టి మారుతుంది. జపానికా రకాలలో తక్కువ. ఇండికాలో కొంత ఎక్కువ. రూఫిపోగాన్ అనే బహువార్షిక అడవి వరిలో పొడవైన కీలాగ్రాలు, తరచు ముదురు ఊదా రంగులో, కంటికి స్పష్టంగా బయట కనబడతాయి. దాని పరాగకోశం పొడవు 4 మిల్లీమీటర్లు దాటుతుంది; సాగు వరిలో అది సుమారు 2 మిల్లీమీటర్లే. ఆఫ్రికాకు చెందిన లాంగిస్టామినేటా ఇంకా ఒక అడుగు ముందున్నది. పొడవైన కేసరాలు కలదని దాని పేరుకే అర్థం. ఈ ఆఫ్రికా జాతి మన రైతుకు పూర్తిగా కొత్తది కాదు. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే ఎక్స్‌ఏ21 జన్యువు దాని నుంచి వచ్చినదే. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పండించిన ప్రతి రైతు పొలంలోనూ ఆ గడ్డి అంశ కొంత ఉన్నట్టే.

పుష్ప లక్షణాల వంశపారంపర్యాన్ని హైబ్రిడ్ వరి దృష్టితో తొలినాళ్లలో పరిశీలించినవారిలో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చెందిన విర్మాణి, అథ్వాల్ ముఖ్యులు. 1973, 1974 సంవత్సరాలలో వెలువడిన వారి పత్రాలను నేటి విద్యార్థి కూడా చదవాలి. అప్పటికి మన దేశంలో హైబ్రిడ్ వరి ఒక ఊహ మాత్రమే.

వంధ్యత్వం వచ్చినదీ అడవి వరి నుంచే

1970 నవంబరులో చైనాలోని హైనాన్ దీవిలో, యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి చెందిన లీ బిహు ఒక అడవి వరి గుంపులో పుప్పొడి ఎండిపోయిన మొక్కను గుర్తించాడు. దాని కణద్రవ్యం నుంచే "వైల్డ్ అబార్టివ్" అనే పురుష వంధ్యత్వం వచ్చింది. 1973 నాటికి మూడు వంగడాల పద్ధతి పూర్తయింది. 1976లో సాగు విస్తారంగా మొదలైంది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1989 డిసెంబరులో ప్రత్యేక ప్రాజెక్టును ప్రారంభించగా, 1994లో తొలి హైబ్రిడ్‌లు విడుదలయ్యాయి. వాటిలో రెండు, ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2, మారుటేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చినవి. వీటి ఆడ వంగడాలు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్ శ్రేణివి. కణద్రవ్యం మాత్రం హైనాన్ మొక్కదే.

ఆ వంధ్యత్వానికి కారణం 2013లో అణుస్థాయిలో తేలింది. మైటోకాండ్రియాలో ఏర్పడిన డబ్ల్యూఏ352 అనే జన్యువు తయారుచేసే ప్రోటీను, కేంద్రక జన్యువు నుంచి వచ్చే కాక్స్11 అనే ప్రోటీనుతో తగులుకొని, పుప్పొడికి ఆహారమందించే కణపొరను వేళకు ముందే చంపేస్తుంది. ఒకటో క్రోమోజోముపై ఉన్న ఆర్ఎఫ్3, పదో క్రోమోజోముపై ఉన్న ఆర్ఎఫ్4 జన్యువులు ఈ నష్టాన్ని అడ్డుకొంటాయి. ఇవి మగ వంగడంలో ఉంటాయి కనుక రైతు పొలంలో హైబ్రిడ్ మొక్క పుప్పొడి బాగుంటుంది.

లక్షల హెక్టార్ల పంట ఒకే అడవి మొక్క కణద్రవ్యంపై నిలబడి ఉండటం ఆందోళన కలిగించే విషయం. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలనాలయంలో 1990లలో ఇ.ఎ. సిద్దిఖ్ బృందం రూఫిపోగాన్, నివారా సేకరణల నుంచి కొత్త వంధ్య కణద్రవ్యాలను వెలికితీసింది కూడా ఈ ఆందోళనతోనే. అయితే వంధ్యత్వం కోసం అడవి వరిని వెతికినంత శ్రద్ధగా పువ్వు ఆకృతి కోసం వెతకలేదు. వంధ్యత్వాన్ని ఇచ్చిన మొక్కలోనే విశాలమైన పువ్వు కూడా ఉన్నది. మనం మొదటిదాన్ని తీసుకొని రెండవదాన్ని పొలం గట్టునే వదిలివచ్చాం.

సంకరంలో మరుగయ్యే జన్యువులు

ఇక్కడ విద్యార్థులు తరచు వేసే ప్రశ్న ఒకటి ఉన్నది. ఆడ వంగడంలో పువ్వును అంతగా మారిస్తే, ఆ మార్పు హైబ్రిడ్ ధాన్యంలోకి రాదా? వండుకొనేవారికి నచ్చని గింజ, పడిపోయే ఎత్తు రావా? వీటికి సమాధానం ఆ జన్యువు బహిర్గతమా, అంతర్గతమా అన్నదానిలో ఉన్నది. రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది మూడో క్రోమోజోముపై ఉన్న జీఎస్3. దీనిని 2006లో గింజ పొడవును నియంత్రించే జన్యువుగా గుర్తించారు. ఇది గింజ పెరుగుదలకు కళ్లెం వంటిది; పనిచేస్తే గింజ పొట్టి, పనిచేయకపోతే పొడవు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఇదే జన్యువు కీలాగ్రం పొడవును కూడా నియంత్రిస్తుందని చూపారు. అంతకు ముందే, రూఫిపోగాన్ నుంచి వచ్చిన కీలాగ్ర బహిర్గమన క్యూటీఎల్ ఒకటి మూడో క్రోమోజోముపైనే ఉన్నట్టు నివేదించారు. కళ్లెం తెగిన రూపం అంతర్గతం. అంటే ఆడ వంగడంలో రెండు ప్రతులూ పనిచేయని రూపంలో ఉంటే గింజా పొడవే, కీలాగ్రమూ పొడవే. మగ వంగడంలో పనిచేసే రూపం ఉంటే, హైబ్రిడ్ మొక్కకు ఒక మంచి ప్రతి అందుతుంది. గింజ పొడవు చాలావరకు తగ్గుతుంది.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. రైతు కోసే ధాన్యం రెండో తరానిదైనా, గింజ పొట్టు తల్లి మొక్క కణజాలమే. కనుక గింజ ఆకారం పొలమంతా ఒకేలా ఉంటుంది. బియ్యంలోని పిండి గుణం, వాసన మాత్రం గింజ గింజకూ విడిపోతాయి. ఐఆర్ 58025ఎ ఆధారిత హైబ్రిడ్‌ల అన్నం కొద్దిగా వాసన వస్తుందని, అతుక్కుంటుందని దక్షిణాదిన వచ్చిన అసంతృప్తిని ఈ దృష్టితో చూడాలి. బీపీటీ 5204 వంటి సన్న మధ్యరకం బియ్యానికి అలవాటుపడిన తెలుగువారికి, పొడవు గింజ ఆడ వంగడం అనగానే అనుమానం రావడం సహజం. జీఎస్3 విషయంలో ఆ అనుమానానికి మగ వంగడాన్ని జాగ్రత్తగా ఎంచుకోవడమే విరుగుడు. గింజ పొడవును శాసించే ఇతర జన్యువులు కూడా ఉన్నాయి కనుక పరీక్షించకుండా హామీ ఇవ్వడం తగదు.

రెండవది ఐదో క్రోమోజోముపై ఉన్న ఈయూఐ1. కాలిఫోర్నియాలో రట్జర్, కార్నహాన్ అనే శాస్త్రవేత్తలు వరిలో పై కణుపు మాత్రమే అసాధారణంగా సాగే ఒక అంతర్గత లక్షణాన్ని కనుగొని, 1981లో ప్రచురించిన పత్రంలో దానిని హైబ్రిడ్ విత్తనోత్పత్తికి నాలుగో జన్యు మూలకం అన్నారు. వంధ్యత, దానిని నిలిపే వంగడం, పునరుద్ధరణ, ఈ మూడింటికి తోడు ఇది నాలుగోది. మగ వంగడం ఆడదాని కంటే ఎత్తుగా ఉంటే పుప్పొడి బాగా పడుతుంది, లక్షణం అంతర్గతం కనుక హైబ్రిడ్ మాత్రం పొట్టిగానే ఉంటుంది అన్నది వారి ఆలోచన. తరువాత చైనాలో దీనిని ఆడ వంగడానికీ వాడారు. వైల్డ్ అబార్టివ్ వంగడాలలో పై కణుపు సాగక వెన్నులో ఐదో వంతు, కొన్నిసార్లు అంతకు మించి, పోటాకు తొడిమలోనే చిక్కుకొంటుంది. చిక్కిన పువ్వుకు ఎంత పొడవు కీలాగ్రం ఉన్నా ఫలితం లేదు. జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ దీనికోసమే. ఈయూఐ1 మామూలుగా జిబ్బరెల్లిన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును తయారుచేస్తుందని 2006లో తెలిసింది. అది పనిచేయకపోతే మొక్కే తన పై కణుపును తాను సాగదీసుకొంటుంది. పిచికారీ ఖర్చు తగ్గుతుంది.

అయితే లెక్కలో రెండో వైపు కూడా చూడాలి. ఆడ వంగడంలోనూ మగ వంగడంలోనూ ఇదే రూపం ఉంటే హైబ్రిడ్ పొడవై పడిపోతుంది. కనుక ఒక వైపే ఉండాలి. ఈయూఐ1 పనిచేయని మొక్కలకు అగ్గితెగులు, బాక్టీరియా ఎండాకు తెగులు ఎక్కువగా సోకుతాయని 2008లో చూపారు. తేమ, చల్లదనం కలిసే చోట్ల అగ్గితెగులు ఎంత నష్టం చేస్తుందో ఏజెన్సీలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. హైబ్రిడ్ మొక్కలో ఒక మంచి ప్రతి ఉంటుంది కాబట్టి రైతుకు ఈ బెడద లేకపోవచ్చు; విత్తనం పండించేవాడికి ఉంటుంది.

లాంగిస్టామినేటా నుంచి వచ్చిన పొడవైన కీలాగ్రానికి ఎనిమిదో క్రోమోజోముపై ప్రధానమైన క్యూటీఎల్ ఉన్నదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జెనా బృందం గుర్తించింది. ఇలాంటి ప్రతి జన్యువు విషయంలో నేను విద్యార్థులను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఆడ వంగడంలో పనిచేసి, హైబ్రిడ్‌లో మరుగవుతుందా? మరుగైతే వినియోగదారుడికి తెలియకుండా విత్తనం చవకవుతుంది. మరుగు కాకపోతే అది గింజ నాణ్యతపైనా, పక్క రకాలతో కలిసే అవకాశంపైనా ఏ ప్రభావం చూపుతుందో ముందే పరీక్షించాలి. బయటికి చాచిన కీలాగ్రం రైతు పొలంలోని రకానికి వస్తే, ఏటా గింజ దాచుకొనే కొండ రైతుకు అది నష్టమే. ఆమె విత్తనాన్ని కాపాడుతున్నది మూసుకొనే పువ్వు.

పరాగకోశం పొడవుది వేరే కథ. అది మగ వంగడానికి కావలసిన లక్షణం. హైబ్రిడ్‌లోకి వచ్చినా నష్టం లేదు, పైగా కొండ ప్రాంతాలకు లాభం ఉండవచ్చు. పొట్ట దశలో రాత్రి చలి ఎక్కువైతే పుప్పొడి ఎదగక తాలు పెరుగుతుంది. పొడవైన పరాగకోశాలు, ఎక్కువ పుప్పొడి ఉన్న రకాలు ఈ చలిని మెరుగ్గా తట్టుకొంటాయని జపాన్‌లోని చలి ప్రాంత పరిశోధనలు ఏనాడో చూపాయి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో ఆలస్యంగా నాటి, ఆలస్యంగా పొట్టకు వచ్చిన వరికి తాలు ఎందుకు ఎక్కువో వెతికేటప్పుడు, ఎరువులు, పురుగుల తరువాతైనా పరాగకోశాన్ని కొలిచి చూడటం మంచిది.

నివ్వరి ఉన్న సీమ

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం రాష్ట్ర సరిహద్దు దాటాక కోరాపుట్, జైపూర్‌ల గుండా సాగుతుంది. కొండలు అవే, వాగుల వెంట మెట్లు మెట్లుగా దిగే వరి మడులు అవే. ఒడిశా వైపు వాటిని ఝోలా భూములంటారు. ఈ జైపూర్ ప్రాంతాన్ని వరి వైవిధ్యానికి ద్వితీయ కేంద్రంగా శాస్త్రవేత్తలు పరిగణిస్తారు. 1955 నుంచి 1960 వరకు కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధన సంస్థ జరిపిన జైపూర్ బొటానికల్ సర్వేలో 1,745 సాగు రకాలను, సుమారు 150 అడవి వరి నమూనాలను సేకరించారు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కాలజీర, మచ్ఛకంట వంటి రకాలు ఆ పొలాలవే.

తెలుగులో విత్తకుండా మొలిచే వరిని నివ్వరి అంటాం. సంస్కృతంలో నీవారం. 1965లో శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి ఏకవార్షిక అడవి వరికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఈ మాటనే ఎంచుకొని ఒరైజా నివారా అన్నారు. ఆ శాస్త్రిగారే హైదరాబాదు కేంద్రంగా నడిచిన అఖిల భారత వరి పథకానికి తొలి సమన్వయకర్త. మనవారు పాడుకాలంగా ఒకే మాటతో పిలిచినా, విత్తనోత్పత్తి దృష్టిలో రెండు నివ్వరులను వేరు చేయాలి. నివారా ఎండిపోయే గుంటలలో గింజపై ఆధారపడి బ్రతికేది. అది ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలిస్తుంది. రూఫిపోగాన్ ఏడాది పొడవునా నీరు నిలిచే మడుగులలో దుబ్బుతో బ్రతికేది. పరపరాగ సంపర్కం అందులో పదుల శాతాలలో ఉంటుంది. పొడవైన కీలాగ్రం, పొడవైన పరాగకోశం కోసం వెతకవలసినది ఎక్కువగా రెండోదానిలోనే.

దాని విలువకు కారణమైన లక్షణమే దానికి ముప్పు కూడా. మడుగు పక్కనే సాగు వరి పూతకు వస్తే, బయటికి చాచిన కీలాగ్రం ఆ పుప్పొడిని కూడా ఆహ్వానిస్తుంది. కొన్ని తరాలకు నివ్వరిలో సాగు వరి అంశ పెరిగి, చూడటానికి అడవి వరిలా ఉన్నా పువ్వు మాత్రం సాగు వరిలా ముడుచుకుపోతుంది. మడుగు పూడ్చినప్పుడు జరిగే నష్టం కంటికి కనబడుతుంది, ఇది కనబడదు. జన్యు నిధిలో చల్లని గదిలో దాచిన విత్తనం ఈ నష్టానికి సగం విరుగుడే. ఆ నమూనా తీసినప్పటి జనాభాలో ఎంత వైవిధ్యం ఉన్నదో అంతే మనకు దక్కుతుంది.

సంకరణం చేసేవారికి మరో తలనొప్పి ఉన్నది. నివ్వరి నుంచి కీలాగ్రంతో పాటు గింజ రాలడం, మీసాలు, నల్లపొట్టు, ఎర్రబియ్యం కూడా వస్తాయి. గింజ రాలడానికి ముఖ్యమైన ఎస్‌హెచ్4 జన్యువు నాలుగో క్రోమోజోముపైన, ఎర్రబియ్యపు ఆర్‌సీ ఏడో క్రోమోజోముపైన ఉన్నాయి కనుక మార్కర్లతో వాటిని వదిలించుకొంటూ బ్యాక్ క్రాస్ చేయడం నేడు కష్టం కాదు. ఓపిక కావాలి.

ఈ మొక్కలున్న మడుగుల గట్టున ఉన్న గ్రామాలకు చట్టంలో స్థానం ఉన్నది. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం రైతు సమూహాల పాత్రను గుర్తిస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక జీవవైవిధ్య నిర్వహణ సంఘం తన ప్రజా జీవవైవిధ్య పట్టికలో మడుగును, అందులోని నివ్వరిని నమోదు చేయవచ్చు. రేపు ఒక విత్తన కంపెనీ ఆడ వంగడంలో ఆ కీలాగ్రం ఉంటే, అది ఎక్కడిదని అడగడానికి ఆ నమోదు ఒక ఆధారం. విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామ సభలకు వెళ్లినప్పుడు ఈ పట్టిక ఉన్నదా, అందులో నివ్వరి ఉన్నదా అని అడిగితే కొంత మేలు జరుగుతుంది. ఇప్పటి వరకు మనం ఎక్కువగా ఎరువుల మోతాదులే చెప్పి వచ్చాం.

కొండలలో విత్తనోత్పత్తి చేయవచ్చునా?

ఈ ప్రశ్న ఏటా వస్తుంది. మూడు వంగడాల హైబ్రిడ్ విత్తనానికి అరకు, చింతపల్లి అనువైనవి కావని నా స్థిరాభిప్రాయం. పూతకు 24 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 నుంచి 80 శాతం తేమ, ఎండ, మోస్తరు గాలి కావాలి. ఖరీఫ్ పూతకు వాన అడ్డు. లంబసింగి చలి తెలిసినవారెవరూ రబీ మాట ఎత్తరు. అడవి అంచులు పొలాలను వేరు చేయడం వల్ల సహజమైన ఎడం దొరుకుతుందన్నది నిజమే గాని, అదొక్కటే చాలదు.

రెండు వంగడాల పద్ధతి మాట వేరు. అందులో ఆడ వంగడం వేడిలో వంధ్యంగా, సుమారు 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఫలవంతంగా ఉంటుంది. వేడి మైదానంలో హైబ్రిడ్ విత్తనం, చల్లని ఎత్తులో ఆడ వంగడపు విత్తనం పండించవచ్చు. మెయింటెయినర్ వంగడంతో పని లేదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం నీలగిరి జిల్లాలోని గూడలూరులో ఇటువంటి వంగడాలపై పనిచేస్తున్నది. మన ఏజెన్సీ ఎత్తులు ఈ పనికి పరిశీలించదగినవి. వెన్ను అంకురించిన నాటి నుంచి పుప్పొడి మాతృకణాల విభజన వరకు రోజువారీ ఉష్ణోగ్రతలు పలు సంవత్సరాలకు చూడకుండా మాత్రం ఒక్క మడి కూడా నాటరాదు. నాలుగు రోజుల వేడి వస్తే విత్తనం రాదు.

విద్యార్థులకు

వరి ప్రజననం చదివే విద్యార్థి కీలాగ్ర బహిర్గమనాన్ని కొలవడానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. పూత మొదలైన మూడు నాలుగు రోజులకు, ప్రతి వంగడంలో కనీసం పది మొక్కల నుంచి ప్రధాన వెన్నులు తీసుకోవాలి. ఆనాడు విచ్చి మూసుకొన్న పువ్వులను మాత్రమే లెక్కించాలి. వెన్ను పై భాగం ముందు, కింది భాగం తరువాత విచ్చుతుంది కనుక రెంటినీ కలిపితే లెక్క తప్పుతుంది. ఒక కీలాగ్రం బయట ఉన్నవి, రెండూ బయట ఉన్నవి, రెండూ లోపలే ఉన్నవి అని మూడు వరుసలలో రాయాలి. ఆ తరువాత చిన్న భూతద్దం కింద కీలాగ్రం పొడవు, పరాగకోశం పొడవు కొలవాలి. అదే వెన్నుపై పోటాకు తొడిమలో చిక్కిన భాగం పొడవు కూడా రాయాలి. ఈ లక్షణంపై వాతావరణ ప్రభావం ఎక్కువ. తేమ తగ్గిన ఎండ రోజున బయటికి వచ్చిన కీలాగ్రం త్వరగా వాడుతుంది. ఒకే వంగడాన్ని అరకులోనూ, మారుటేరులోనూ కొలిచి రెండు సంఖ్యలు వేరుగా వచ్చాయని కంగారుపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి. కొలిచిన వేళ, ఉష్ణోగ్రత, తేమ రాయని పట్టికను నేను దిద్దకుండానే తిరిగి ఇచ్చేస్తాను.